టోల్‌గేట్ దగ్గర పుట్టిన ఇన్‌హెరిటెన్స్

క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో టెక్నికల్ రౌండ్‌కి వెళ్లొచ్చిన సీనియర్లని అడిగి చూడండి. ఊప్స్ మీద ఒక్క ప్రశ్నైనా పడకుండా బయటికొచ్చిన వాళ్లు అరుదు. ఇన్‌హెరిటెన్స్ అంటే ఏంటి, ఉదాహరణ చెప్పు అనగానే మనం జంతువు ఒక క్లాసు, కుక్క దాని సబ్‌క్లాసు అని మొదలుపెడతాం. కుక్క మొరుగుతుంది, పిల్లి మ్యావ్ అంటుంది. అక్కడితో జవాబు అయిపోతుంది. నేనూ అదే చెప్పా. ఉద్యోగం కూడా వచ్చింది. కానీ చేరిన కొన్ని నెలలకి, ఒక యాప్‌లోని బటన్లన్నిటికీ పనికొచ్చేలా ఒకే పేరెంట్ క్లాస్ రాయమన్నప్పుడు ఆ కుక్కా పిల్లీ నన్ను ఆదుకోలేదు.

రంగు, అక్షరాల సైజు, ఐకాన్, తిరుగుతూ ఉండే లోడింగ్ చక్రం, నెట్ లేకపోతే చూపించాల్సిన మెసేజ్... రెండు చోట్ల ఒకేలా కనిపించిన కోడ్‌నల్లా తెచ్చి ఆ పేరెంట్‌లో కుక్కేశా. కొన్నాళ్లకి ఒక స్క్రీన్‌లోని బటన్ కోసం అందులో చిన్న మార్పు చేస్తే, దాంతో ఏ సంబంధమూ లేని స్క్రీన్లలో బటన్లు పాడయ్యాయి. తప్పు నాదే. ఇన్‌హెరిటెన్స్ అంటే టైపింగ్ తగ్గించే చిట్కా అనుకున్నా.

అసలు ఈ ఆలోచన ఎవరికి వచ్చింది, ఏ అవసరం కోసం వచ్చింది అని అప్పుడు వెతికా. జవాబు నార్వేలో దొరికింది. ఇద్దరు మనుషులు, ఒక వంతెన, దాని మీద ఒక టోల్‌గేట్. ఆ ఇద్దరిలో ఒకరైన క్రిస్టెన్ నైగార్డ్ జీవితం, ఉద్యోగం కోసం చదువుతున్న మనందరికీ తెలియాల్సిన కథ.

చేత్తో చేసిన లెక్కలు

నైగార్డ్ 1926 ఆగస్టు 27న ఓస్లోలో పుట్టారు. ఆయన చదివింది గణితం. 1948లో నార్వే రక్షణ పరిశోధన సంస్థలో పనికి చేరారు. అప్పటికి ఆ దేశంలో ఎలక్ట్రానిక్ కంప్యూటరే లేదు. కంప్యూటర్ సైన్స్ అనే బ్రాంచ్ సంగతి సరేసరి.

నార్వే తన మొదటి అణు రియాక్టర్‌ని కట్టుకుంటున్న రోజులవి. దానికి సంబంధించిన లెక్కలు చేసే పని ఆయన మీద పడింది. సూత్రాలు పట్టుకుని చేత్తో సాధిస్తూ పోతే అవి ఎంతకీ తెగేవి కావు. అందుకని ఆయన మాంటే కార్లో పద్ధతిని తెచ్చారు. అంటే ఒక్కో కణం లోపల ఏమవుతుందో రాండమ్ నంబర్లతో అనుకరించి చూడటం, అలా చాలాసార్లు చేసి సగటు తీయడం. సమీకరణం లొంగనప్పుడు, ఆ జరిగేదాన్నే కాగితం మీద జరిపించి చూడటం అన్నమాట. 1956లో ఓస్లో విశ్వవిద్యాలయంలో ఆయన మాస్టర్స్ థీసిస్ కూడా ఈ పద్ధతి మీదే.

1950లలో ఆయన దృష్టి కణాల మీద నుంచి మనుషులు, యంత్రాలు కలిసి పనిచేసే వ్యవస్థల మీదికి మళ్లింది. మెకానికల్ వాళ్లూ ఎంబీఏ వాళ్లూ ఇప్పటికీ చదివే ఆపరేషన్స్ రీసెర్చ్ ఇదే. ఎక్కడ క్యూ పెరుగుతోంది, ఎక్కడ యంత్రం ఖాళీగా ఉంది, ఒక పని ఆలస్యమైతే ఇంకెన్ని పనులు ఆగిపోతాయి లాంటి ప్రశ్నలు. ఇక్కడ ఆయనకి పెద్ద ఇబ్బంది ఎదురైంది. ఇలాంటి వ్యవస్థని లెక్కించడం కంటే ముందు, దాన్ని స్పష్టంగా వర్ణించడమే కష్టంగా ఉంది. ఒకేసారి పది చోట్ల పది పనులు జరుగుతుంటే వాటిని ఏ భాషలో రాయాలి? మనిషి చదివితే అర్థం కావాలి, యంత్రానికిస్తే నడవాలి. అలాంటి భాష కావాలన్న పట్టుదలతోనే ఆయన 1960లో నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌కి మారారు.

ఇద్దరు కలిస్తేనే

ఆలోచన ఆయనది. కానీ ప్రోగ్రామింగ్ భాషని నిర్మించే నైపుణ్యం తనకి చాలదని ఆయనకి తెలుసు. ఆ పనిలో దిట్ట ఓలే-యోహాన్ డాల్. రక్షణ సంస్థలో పాత సహోద్యోగి, వయసులో ఐదేళ్లు చిన్న. నైగార్డ్ గట్టిగా మాట్లాడే మనిషి, డాల్ నెమ్మదస్తుడు. 1962 నుంచి ఇద్దరూ కలిసి ఆలోచించారు. 1963లో డాల్ కూడా కంప్యూటింగ్ సెంటర్‌కి వచ్చేశారు. భాష పేరు సిమ్యులా.

ఐడియా మంచిదైతే చాలదు, నడిపించడానికి యంత్రం కావాలి. 1962లో యూనివాక్ కంపెనీ తన కొత్త కంప్యూటర్ చూడమని నైగార్డ్‌ని అమెరికాకి పిలిచింది. వాళ్లు ఆయనకి కంప్యూటర్ అమ్మాలనుకున్నారు. ఆయన వాళ్లకి సిమ్యులా అమ్మేశారు. చివరికి కుదిరిన బేరం ప్రకారం కంప్యూటింగ్ సెంటర్‌కి యూనివాక్ 1107 యంత్రం భారీ తగ్గింపు ధరకి వచ్చింది. బదులుగా సిమ్యులా కంపైలర్ తయారుచేసే ఒప్పందం కుదిరింది. 1965 నాటికి సిమ్యులా మొదటి వెర్షన్ నడవడం మొదలైంది.

దాన్ని నేర్పుతూ, వాడుతూ ఉండగానే లోపాలు కూడా బయటపడ్డాయి. మన కథకి అసలు మలుపు అక్కడే.

టోల్‌గేట్, ట్రక్కు, బస్సు

వంతెన దగ్గర టోల్‌గేట్ ఊహించుకోండి. వాహనాలు వరసలో నిలబడి ఉన్నాయి. కొన్ని ట్రక్కులు, కొన్ని బస్సులు. దీన్ని ప్రోగ్రామ్‌గా రాయాలి. ట్రక్కుకి సరుకు బరువు ఉంటుంది. బస్సుకి ప్రయాణికుల సంఖ్య ఉంటుంది. కానీ రెండూ వరసలో నిలబడతాయి, రెండింటికీ ముందొకటి, వెనకొకటి ఉంటాయి.

వరసలో నిలబడే కోడ్‌ని ట్రక్కుకి ఒకసారి, బస్సుకి ఒకసారి రాయాలా? రేపు కారు వస్తే మళ్లీ రాయాలా? పోనీ అన్నీ కలిపి వాహనం అనే ఒకే పెద్ద మూటలో పెడితే, బస్సు దగ్గర కూడా సరుకు బరువు అనే ఖాళీ గడి వేలాడుతూ ఉంటుంది. నా బటన్ క్లాసులో నేను చేసింది అచ్చంగా ఇదే.

బ్రిటిష్ శాస్త్రవేత్త టోనీ హోర్ అప్పటికే రికార్డ్ క్లాసులు అనే ఆలోచన ప్రతిపాదించి ఉన్నారు. అది వీళ్లకి దారి చూపింది కానీ సమస్యని పూర్తిగా తీర్చలేదు. 1966 చివర, 1967 మొదట్లో ఒక పరిష్కారం తట్టింది. వరసలో నిలబడటానికి కావాల్సినంత వరకే లింక్ అనే చిన్న క్లాసుగా విడిగా రాయాలి. ట్రక్కుని ప్రకటించేటప్పుడు దాని ముందు లింక్ పేరు తగిలించాలి. అప్పుడు తయారయ్యే ట్రక్కు ఆబ్జెక్టులో లింక్ భాగం, ట్రక్కు భాగం అతుక్కుని ఒకే వస్తువుగా ఉంటాయి. బస్సుకీ అంతే. వరసకి మాత్రం అది ట్రక్కా బస్సా అన్నది అనవసరం. లింక్ అయితే చాలు.

సిమ్యులాలో పేరెంట్ పేరు ముందు వస్తుంది, తర్వాత క్లాస్ అనే మాట, ఆ తర్వాత కొత్త పేరు. మనం ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాసుకున్నట్టే. ఈ రోజు మన పుస్తకాల్లో ఇన్‌హెరిటెన్స్ అని ఉన్నది ఇదే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వాళ్లు రెండు కోడ్‌లు ఒకేలా ఉన్నాయని పేరెంట్‌ని తీయలేదు. టోల్‌గేట్ దగ్గర నిజంగా ఏం జరుగుతోందో చూశారు. వరసలో నిలబడటం అనేది దానికదే ఒక పూర్తి సంగతి, వాహనం రకంతో దానికి పనిలేదు అని అర్థం చేసుకున్నారు. పేరెంట్ పిల్లల గురించి ఏమీ తెలియకుండానే తన పని తాను చేయగలగాలి. అలా చేయగలిగినప్పుడే అది మళ్లీ మళ్లీ వాడుకోవడానికి పనికొస్తుంది.

దీనికి తోడు వర్చువల్ ప్రొసీజర్ అనేదాన్ని కూడా తెచ్చారు. ఒక పని పేరు పేరెంట్‌లో ఉంటుంది, ఆ పని ఎలా చేయాలో పిల్ల క్లాసు చెబుతుంది. అలాగే ఇన్నర్ అనే మాట ఒకటి. పేరెంట్ కోడ్ మొదలవుతుంది, మధ్యలో ఇన్నర్ అన్నచోట పిల్ల క్లాసు కోడ్ నడుస్తుంది, తర్వాత మళ్లీ పేరెంట్ తన పని ముగిస్తుంది. అంటే పిల్లకి స్వేచ్ఛ ఉంటుంది, కానీ ఇంటి కట్టుబాటు చెడదు.

ఇదంతా ప్రశాంతంగా జరిగిందనుకుంటే పొరపాటే. 1967లో ఆఫీసులో కొత్తగా చేరిన ఒక ఉద్యోగి కంగారుగా వచ్చి, పైన వరండాలో బ్లాక్‌బోర్డు దగ్గర ఇద్దరు కొట్టుకుంటున్నారని టెలిఫోన్ ఆపరేటర్‌కి చెప్పారట. ఆవిడ బయటికొచ్చి ఓ క్షణం చెవి పెట్టి విని, కంగారుపడకండి, అది డాల్, నైగార్డ్ సిమ్యులా గురించి చర్చించుకోవడమే అని తేల్చేశారట. ఆ ఏడాది మే నెలలో ఓస్లోలో జరిగిన సదస్సులో క్లాసులు, సబ్‌క్లాసుల మీద వాళ్ల పేపర్ వచ్చింది. ఆ భాషే సిమ్యులా 67.

అక్కడి నుంచి మీ ఫోన్‌లోని బటన్ దాకా

అమెరికాలో ఉటా విశ్వవిద్యాలయంలో చదువుతున్న అలన్ కే 1966లో సిమ్యులా మొదటి వెర్షన్ చూశారు. ప్రోగ్రామ్ లిస్టింగ్‌ని వరండాలో పొడవుగా పరిచి అర్థం చేసుకున్నారు. ఆ ప్రభావం తర్వాత జెరాక్స్ పార్క్‌లో పుట్టిన స్మాల్‌టాక్ భాషలో కనిపిస్తుంది. విండోలు, మెనూలతో పనిచేసే తెరలు పెరిగింది ఆ వాతావరణంలోనే. ఇంగ్లండ్‌లో పీహెచ్‌డీ కోసం సిమ్యులా వాడిన బ్యార్న స్ట్రౌస్ట్రప్, 1979లో బెల్ ల్యాబ్స్‌లో సీ భాషకి క్లాసులు చేర్చే పని మొదలుపెట్టారు. అదే సీ ప్లస్ ప్లస్. మీరు అందులో రాసే వర్చువల్ అనే మాట సిమ్యులా నుంచి వచ్చిందే. తర్వాత జావా వచ్చింది, ఆ వెనక ఆండ్రాయిడ్.

ఇప్పుడు ఆండ్రాయిడ్‌లో చెక్‌బాక్స్ వంశవృక్షం చూడండి. అన్నిటికీ పైన వ్యూ. దాని కింద టెక్స్ట్‌వ్యూ, దాని కింద బటన్, దాని కింద కాంపౌండ్‌బటన్, చివర చెక్‌బాక్స్. తెర మీద చోటు తీసుకోవడం, వేలు తగిలితే స్పందించడం వ్యూ దగ్గరే ఉన్నాయి. అక్షరాలు చూపించడం టెక్స్ట్‌వ్యూలో. ఆన్, ఆఫ్ అనే రెండు స్థితులు కాంపౌండ్‌బటన్‌లో. చెక్‌బాక్స్ దగ్గరికొచ్చేసరికి రాయాల్సింది చాలా తక్కువ. వ్యూలోని గీసే పని కూడా ఇన్నర్ పద్ధతిని గుర్తుచేస్తుంది. ముందు బ్యాక్‌గ్రౌండ్ గీసి, మధ్యలో పిల్ల క్లాసుకి అవకాశం ఇచ్చి, చివర స్క్రోల్‌బార్ల లాంటివి తనే గీస్తుంది.

కానీ ఒక చిక్కు ఉంది. ఇమేజ్‌బటన్ పేరులో బటన్ ఉన్నా, అది బటన్ క్లాసు సంతానం కాదు. ఇమేజ్‌వ్యూ సంతానం. బటన్ మాత్రమే తీసుకునే ఫంక్షన్‌కి దాన్ని ఇవ్వలేరు. అదే జావా స్వింగ్‌లో అబ్‌స్ట్రాక్ట్‌బటన్ అనే పేరెంట్ ఉంది. నొక్కడం, అక్షరాలు, ఐకాన్ మూడూ అందులోనే ఉంటాయి. మామూలు బటన్, మెనూ ఐటమ్, టాగిల్ బటన్ దాని పిల్లలు. చెక్‌బాక్స్, రేడియో బటన్ మళ్లీ టాగిల్ పిల్లలు.

నా దృష్టిలో స్వింగ్ ఈ వస్తువు ఏం చేస్తుంది అని అడిగి విడదీసింది. ఆండ్రాయిడ్ ఇది తెర మీద ఏం చూపిస్తుంది అని అడిగి విడదీసింది. క్లిక్‌ని వ్యూ దగ్గరే పెట్టారు కాబట్టి ఆండ్రాయిడ్‌లో పని ఆగదు. రెండూ నడుస్తున్నాయి. కానీ మొదట అడిగిన ప్రశ్నే వృక్షం మొత్తాన్నీ నిర్ణయించింది. ఇప్పుడు జెట్‌ప్యాక్ కంపోజ్, ఫ్లట్టర్ లాంటివి లోతైన వంశవృక్షాల కంటే చిన్న ముక్కల్ని ఒకదాంట్లో ఒకటి అమర్చుకోవడాన్నే ఇష్టపడుతున్నాయి. అక్కడ కూడా ఏది దేనికి చెందుతుందన్న ప్రశ్న నుంచి తప్పించుకోలేం.

ఆ తెర ముందు కూర్చునేది ఎవరు?

చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. నాకు నచ్చింది ఆ తర్వాతి భాగం.

సిమ్యులాతో ఫ్యాక్టరీ పనిని కంప్యూటర్ మీద అనుకరించొచ్చు. ఏ యంత్రం దగ్గర ఎంతమంది ఉండాలో, పని ఎలా మార్చాలో తేల్చొచ్చు. అయితే ఆ ఫలితాలు ఎవరి చేతికి వెళ్తున్నాయి? యాజమాన్యాలకి. పని మారిపోయేది ఎవరికి? ఆ యంత్రం దగ్గర నిలబడే కార్మికుడికి. తన సాధనం ఒక పక్షానికే బలం ఇస్తోందని నైగార్డ్‌కి అర్థమైంది.

ఊరికే బాధపడి ఊరుకోలేదు. 1970ల మొదట్లో నార్వే ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పరిశోధన మొదలుపెట్టారు. కంప్యూటర్ వ్యవస్థలు తమ పనిని ఎలా మారుస్తాయో కార్మికులు తామే చదివి, చర్చించి, తమ డిమాండ్లు తామే తయారుచేసుకునేలా సాయపడ్డారు. వాళ్ల కోసం పాఠ్యపుస్తకం తయారైంది. తర్వాత యూనియన్లు, యాజమాన్యాల మధ్య ఒప్పందాలు వచ్చాయి. కొత్త కంప్యూటర్ వ్యవస్థ తెచ్చేముందు కార్మికులకి అర్థమయ్యే భాషలో వివరించాలి, ఈ విషయాలు చూసుకునే కార్మిక ప్రతినిధి ఉండాలి అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

ఈ దారిలోనే ఉత్తర ఐరోపాలో మరికొందరు ముందుకెళ్లారు. 1980లలో పత్రికల్లో అచ్చు పని చేసేవాళ్లని డిజైనర్ల పక్కన కూర్చోబెట్టి, అట్టముక్కలతో కంప్యూటర్ నమూనాలు చేసి, పేజీలు పెట్టే సాధనం ఎలా ఉండాలో వాళ్లతోనే చెప్పించిన ప్రాజెక్టు కూడా నడిచింది. ఇప్పుడు మనం యూజర్ రీసెర్చ్, పార్టిసిపేటరీ డిజైన్ అని కోర్సులు చేస్తున్నాం. దానికి వేర్లు ఉన్నది కార్మిక సంఘాల్లో.

బయటికి చూస్తే ఇవి రెండు వేర్వేరు జీవితాల్లా కనిపిస్తాయి. నాకు ఒకటే కనిపిస్తుంది. టోల్‌గేట్ దగ్గర ఏం జరుగుతోందో చూడకుండా క్లాసు రాయకూడదు. ఫ్యాక్టరీలో పనిచేసేవాడిని అడగకుండా వ్యవస్థ కట్టకూడదు. రెండు చోట్లా ఆయన అడిగింది ముందు అర్థం చేసుకోమనే.

చివరి రోజుల దాకా విద్యార్థులతోనే

1970ల మధ్యలో ఆయన డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పాఠాలు చెప్పారు. అక్కడి మిత్రులతో కలిసి బీటా అనే భాషకి రూపమిచ్చారు. తర్వాత ఓస్లో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. రాజకీయాలకీ దూరంగా లేరు. 1990ల మొదట్లో నార్వే ఐరోపా సమాఖ్యలో చేరకూడదన్న ఉద్యమానికి నాయకత్వం వహించారు. 1994 ప్రజాభిప్రాయ సేకరణలో ఆ వాదనే గెలిచింది. ఆ అభిప్రాయంతో మనం ఏకీభవించొచ్చు, విభేదించొచ్చు. నమ్మినదాని కోసం ల్యాబ్ వదిలి జనంలోకి వెళ్లిన తీరు మాత్రం గమనించదగ్గది.

కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు 2001 సంవత్సరానికి డాల్, నైగార్డ్ ఇద్దరికీ కలిపి వచ్చింది. ఇన్‌హెరిటెన్స్ తట్టి అప్పటికి 34 ఏళ్లు. ఆ గుర్తింపు వచ్చిన కొద్ది నెలలకే 2002 జూన్ 29న డాల్, ఆగస్టు 10న నైగార్డ్ కన్నుమూశారు. ఆరు వారాల తేడా. చివరి రోజుల్లో నైగార్డ్ పనిచేస్తున్నది కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లకి ఆబ్జెక్టుల ఆలోచనని ఎలా పరిచయం చేయాలన్న ప్రాజెక్టు మీద. అంటే మనలాంటి వాళ్ల కోసమే.

ఇక మీ సంగతి. ఈసారి ఇంటర్వ్యూలో ఇన్‌హెరిటెన్స్ అడిగితే కుక్కని కాసేపు పక్కన పెట్టండి. టోల్‌గేట్ చెప్పండి, లేదా చెక్‌బాక్స్ వంశవృక్షం బోర్డు మీద గీయండి. ఇమేజ్‌బటన్ ఎందుకు వేరే కొమ్మ మీద ఉందో వివరించండి. అడిగేవాళ్లు తప్పకుండా ఇంకో ప్రశ్న వేస్తారు. అక్కడి నుంచి అది పరీక్షలా కాకుండా ఇద్దరు ఇంజినీర్ల మాటల్లా సాగే అవకాశం ఉంది.

ఉద్యోగంలో చేరాక మొదటి పేరెంట్ క్లాస్ రాసేముందు మాత్రం మూడు సంగతులు చూసుకోండి. ఇందులో నేను పెడుతున్నది ప్రతి పిల్ల క్లాసుకీ నిజమేనా? పిల్లల పేర్లు తెలియకుండా ఇది పనిచేయగలదా? ఈ బటన్ నొక్కబోయే మనిషిని ఒక్కసారైనా కలిశానా? మొదటి రెండూ కోడ్ రివ్యూలో ఎవరో ఒకరు అడుగుతారు. మూడోది మనమే అడుగుకోవాలి. నేను ఆ బటన్ క్లాసుని రెండోసారి రాసినప్పుడు, ముందు యాప్ వాడేవాళ్ల పక్కన ఒక పూటంతా కూర్చున్నా. కొత్త పేరెంట్ పాతదాంట్లో సగం కూడా లేదు. ఇప్పటికీ నడుస్తోంది.